ఉప్పులో రెండో భాగం



గడచిన షాబాన్ మాసంలో ఒకనాడు అసర్ నమాజ్ ముగించుకొని వస్తుండగా, మా పూర్వ విద్యార్థి ఒకడు మదరసా వరండాలో మా కోసం వేచి ఉన్నాడు. వయసు 27. దర్జీ పని చేసుకుంటాడు. చేతిలో ఒక ప్లాస్టిక్ సంచి, అందులో రక్త పరీక్షల కాగితాలు. సలాము చెప్పి, చాలాసేపు నేల చూస్తూ కూర్చున్నాడు. ఆపైన రెండు ప్రశ్నలు అడిగాడు. "హజ్రత్, ఈ రమజాన్‌లో నేను ఉపవాసాలు ఉండవచ్చా? నాకు ఒక సంబంధం ఖాయమయ్యేలా ఉంది. నా జబ్బు సంగతి ఆడపెళ్ళివారికి చెప్పాలా, చెప్పకపోతే గునాహ్ అవుతుందా?"

ఈ కుర్రవాడికి 22వ ఏట నుండే రక్తపోటు ఉంది. నాలుగేళ్ళుగా మాత్రలు మింగుతున్నాడు. ఒకటి రెండయింది, రెండు మూడయ్యాయి. రాత్రిళ్ళు పిక్కలు పట్టేస్తాయి. మిషను తొక్కుతుంటే ఉన్నట్టుండి కాళ్ళు చచ్చుబడినట్లు అవుతాయి. బంధువులు తలా ఒక కారణం చెప్పారు. కోపం ఎక్కువ అన్నారు కొందరు. నజర్ తగిలిందన్నారు మరికొందరు. అతని తల్లి గర్భిణిగా ఉన్నప్పుడు తిన్న పచ్చళ్ళను గుర్తు చేసిన పెద్దమ్మ కూడా ఒకరున్నారు. ఆ మాట తల్లి మనసులో ముల్లులా దిగబడిపోయిందని అతడు చెప్పినప్పుడు మాకు బాధ కలిగింది. చివరకు ఒక వైద్యుడు పొటాషియం పరీక్ష చేయించాడు. 3.5కు తగ్గకూడని సంఖ్య 2.9 ఉన్నది. అక్కడి నుండి కథ ఆల్డోస్టిరోన్ అనే హార్మోను వైపు మళ్ళింది. పరీక్షలో అది మితిమీరి ఉందని తేలింది.

ప్రశ్న రెండు భాగాలుగా ఉన్నా, జబ్బు స్వరూపం తెలియకుండా దేనికీ జవాబు చెప్పలేము. ఫత్వా చెప్పేవాడు ముందు విషయాన్ని గ్రహించాలి, ఆ తరువాతే తీర్పు అన్నది మేము గురువుల వద్ద నేర్చుకున్న మొదటి నియమం. అందుచేత మాకు తెలిసిన ఒక వైద్యుని వద్ద రెండు సాయంత్రాలు కూర్చొని పాఠం చెప్పించుకున్నాము. ఆయన ఓపికగా చెప్పారు, మేము మూర్ఖంగా ఎన్నో అడిగాము. ఆ పాఠంలో మమ్మల్ని అన్నిటికన్నా ఆశ్చర్యపరచినది క్లోరైడ్ పాత్ర.

ఉప్పు అనగానే అందరూ సోడియం మాటే ఎత్తుతారు. కాని ఉప్పు సోడియం క్లోరైడ్. వంద గ్రాముల ఉప్పులో సోడియం 39 గ్రాములైతే క్లోరైడ్ 61 గ్రాములు. తూకంలో పెద్ద వాటా దానిదే, పేరు మాత్రం రెండోది. రక్తపరీక్ష కాగితంలో కూడా సోడియం, పొటాషియం తరువాత దాని పేరు ఉంటుంది. దానిని ఎవరూ చదవరు. మేమూ ఇంతవరకు చదవలేదు.

ఇక ఆ గ్రంథుల సంగతి. మన రెండు మూత్రపిండాల మీదా టోపీ పెట్టినట్లు చిన్న గ్రంథులు ఉంటాయి. వాటిని అధివృక్క గ్రంథులు, లేదా ఎడ్రినల్ గ్రంథులు అంటారు. ఒక్కొక్కటి 4, 5 గ్రాముల బరువు. ఒక టీ చెంచాడు ఉప్పుకు సమానమనుకోండి. నడిమి భాగాన్ని దవ్వ అంటారు. భయం కలిగినప్పుడు గుండె దడదడలాడించే ఎడ్రినలిన్ అక్కడ తయారై, కణాలలో చిన్న చిన్న సంచులలో నిలువ ఉంటుంది. పిలుపు రాగానే ఆ సంచులు తెరుచుకుంటాయి. దానిని కప్పి ఉండే పై పొరను వల్కలం అంటారు. అది మరల మూడు పొరలు. అన్నిటికన్నా వెలుపలి పలుచని పొరలో పుట్టేది ఆల్డోస్టిరోన్. దీనికి సంచుల నిలువ లేదు. అవసరమైనప్పుడు తయారవుతుంది, తయారైన వెంటనే కణం గోడ దాటి రక్తంలోకి వెళ్ళిపోతుంది. కాబట్టి ఈ పొరలో స్రావం ఎక్కువైందంటే తయారీయే ఎక్కువైందని అర్థం. ఈ భేదం ముఖ్యం, ఎందుకంటే తయారీకి ఆజ్ఞ ఎక్కడి నుండి వస్తున్నదో వెదకితేనే మన కుర్రవాని జబ్బు తెలుస్తుంది.

ఆల్డోస్టిరోన్ పని చిన్నదేమీ కాదు. మూత్రంలో పోబోయే సోడియంను తిరిగి రక్తంలోకి రప్పిస్తుంది, దాని వెంట నీరు వస్తుంది. బదులుగా పొటాషియంను బయటికి పంపుతుంది. ఎండ వేడికి చెమట కారి, దాహంతో నోరు ఎండిన మనిషిని నిలబెట్టేది ఈ ఏర్పాటే. దీనిని 1953లో లండన్‌కు చెందిన సిల్వియా సింప్సన్, జేమ్స్ టెయిట్‌లు, స్విట్జర్లాండ్‌లోని రైక్‌స్టైన్ బృందంతో కలిసి స్ఫటిక రూపంలో వేరు చేశారు. వందల కిలోల పశువుల గ్రంథుల నుండి వారికి దక్కినది కొద్ది మిల్లీగ్రాములే. అంత సూక్ష్మమైనది మనిషి రక్తపోటును శాసిస్తున్నది! మరుసటి సంవత్సరం, 1954లో, అమెరికాలోని మిషిగన్‌లో జెరోమ్ కాన్ అనే వైద్యుడు 34 ఏళ్ళ ఒక స్త్రీని పరీక్షించాడు. ఆమెకూ రక్తపోటు, కండరాల పట్లు, బలహీనత, రక్తంలో పొటాషియం తక్కువ. ఆమె ఎడ్రినల్ గ్రంథిలో కణితి ఉండగా దానిని తీసివేశారు, ఆమె కోలుకున్నది. నాటి నుండి ఈ జబ్బుకు ఆయన పేరే నిలిచింది. మా కుర్రవాని కాగితాలు చూసి "డెబ్బై ఏళ్ళ కిందటి ఆ స్త్రీ లక్షణాలే" అన్నారు మా వైద్య మిత్రుడు. కాని ఇతని గ్రంథులలో స్కానుకు కణితి కనబడలేదు.

అప్పుడాయన కాగితం మీద ఒక వృత్తం గీసి, "ఇది వల్కలంలో ఒక కణం" అన్నారు.

ప్రతి కణానికీ ఒక పలుచని గోడ. దాని లోపలి వైపు వెలుపలి వైపుకన్నా ఋణ విద్యుత్తుతో ఉంటుంది. ఈ కణంలో, విశ్రాంతిగా ఉన్నప్పుడు, ఆ తేడా సుమారు 80 మిల్లీవోల్టులు. పొటాషియం తన ద్వారాల గుండా కొద్దికొద్దిగా బయటికి కారుతూ ఉండడం వలన లోపల ఋణత్వం అలా నిలిచి ఉంటుంది. ఋణత్వం గాఢంగా ఉన్నంతకాలం కాల్షియం ద్వారాలు మూసే ఉంటాయి. వెలుపల కాల్షియం లోపలికన్నా దాదాపు పదివేల రెట్లు ఎక్కువగా కాచుకొని ఉన్నా, లోనికి రాలేదు. లోపల ఋణత్వం తగ్గినప్పుడు ఆ ద్వారాలు తెరుచుకుంటాయి, కాల్షియం దూసుకొని వస్తుంది, అది కణానికి ఆల్డోస్టిరోన్ తయారుచెయ్యమనే ఆజ్ఞ. దేహంలో రక్తపు పరిమాణం తగ్గితే యాంజియోటెన్సిన్ అనే హార్మోను, రక్తంలో పొటాషియం పెరిగితే ఆ పొటాషియమే స్వయంగా, ఈ ఋణత్వాన్ని తగ్గిస్తాయి. అవసరం తీరగానే మళ్ళీ కణం నిద్రిస్తుంది. ఇది ఆరోగ్యవంతుని సంగతి.

క్లోరైడ్‌కు కూడా ఆ గోడలో ఒక ద్వారం ఉంది. దానిని సీఎల్‌సీ-2 అంటారు. అదొక ప్రోటీను. విశ్రాంత స్థితిలో అది చాలా మేరకు మూసే ఉంటుంది. ఇంతలో మరొక వాహకం, సోడియం, పొటాషియంలతోపాటు క్లోరైడ్‌ను కణం లోపలికి చేరవేస్తూ ఉంటుంది. అందువలన లోపల క్లోరైడ్ నిలువ, ఆ విద్యుత్తు తేడాకు తగినదానికన్నా అధికం. ద్వారం తెరిస్తే అది బయటికే పోతుంది.

ఇక్కడ మేము తికమకపడ్డాము. ఉప్పులోని వస్తువు బయటికి పోతే కణం శాంతించాలి కదా, మేల్కొంటుందేమిటి? డాక్టరుగారు నవ్వి, "మీ మంతిఖ్‌లోనే జవాబుంది" అన్నారు. ఆలోచిస్తే నిజమే. క్లోరైడ్ ఋణ విద్యుత్తు గలది. ఋణం బయటికి పోవడమంటే లోపలి ఋణత్వం తరగడం. నిషేధాన్ని నిషేధిస్తే అది ధ్రువీకరణ. నఫీకి నఫీ ఇస్బాత్ అని మేము ప్రతి సంవత్సరం విద్యార్థులచేత వల్లె వేయిస్తున్న సూత్రమే. యాభై దాటిన మాకు ఆ సూత్రం కణం గోడ మీద కనబడినందుకు సంతోషం కలిగింది.

పెద్దవారి మెదడులోని చాలా కణాలలో క్లోరైడ్ ద్వారం తెరిస్తే కణం అణగుతుంది, ఎందుకంటే అక్కడ లోపల క్లోరైడ్ తక్కువ, అది లోనికి వస్తుంది. ఎడ్రినల్‌లో అదే తెరవడం కణాన్ని రేపుతుంది. ఆవుల ఎడ్రినల్ దవ్వ మీద జరిగిన ప్రయోగాలలో కూడా, మెదడును శాంతపరచే గాబా అనే రసాయనం క్లోరైడ్ ద్వారాలను తెరిచి, ఎడ్రినలిన్ వంటి వాటి స్రావాన్ని పురికొల్పుతుందని కనుగొన్నారు. ద్వారం ఒక్కటే, వస్తువు ఒక్కటే. ఏ వైపు నిలువ ఎక్కువ ఉన్నదన్న దానిని బట్టి ఫలితం తారుమారు అవుతున్నది.

ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో గోర్డన్, స్టోవాసర్ అనే వైద్యులు 1990ల తొలినాళ్ళలో, ఈ ఆల్డోస్టిరోన్ జబ్బు కొన్ని కుటుంబాలలో తరతరాలుగా రావడాన్ని గుర్తించారు. అంతకు మునుపు తెలిసిన మరొక కుటుంబ రకం ఒక స్టెరాయిడ్ మందుతో అణగేది, ఇది అణగదు. కనుక దీనిని రెండో రకం అన్నారు. ఏ జన్యువు దోషమో తెలియడానికి పాతిక సంవత్సరాలు పట్టింది. ఒక దశలో కొన్ని కుటుంబాల ఆధారంగా 7వ క్రోమోజోము మీద వెదికారు. చివరకు 2018లో రెండు బృందాలు ఏకకాలంలో జవాబు ప్రకటించాయి. పారిస్‌లోని జెనారో బృందం ఒకటి, బెర్లిన్‌లోని ఊటె షోల్ బృందం మరొకటి. దోషం 3వ క్రోమోజోము మీద, సీఎల్‌సీ-2 ద్వారాన్ని తయారుచేసే జన్యువులో! షోల్ బృందం ఒక పెద్ద కుటుంబంతోపాటు, చిన్న వయసులోనే జబ్బు వచ్చి కారణం తెలియని 80 మందిని పరీక్షించగా, 8 చోట్ల ఆ జన్యువులో మార్పులు కనబడ్డాయి. మార్పు చిన్నది. ప్రోటీను గొలుసులో ఒక పూస మారుతుంది, అంతే. కాని ఆ ఒక్క పూసతో ద్వారం మూసి ఉండవలసిన వేళ తెరిచి ఉంటుంది. క్లోరైడ్ బయటికి కారుతూనే ఉంటుంది, కణం నిద్రపోదు, కాల్షియం వస్తూనే ఉంటుంది, ఎవరూ అడగకుండానే ఆల్డోస్టిరోన్ తయారవుతూ ఉంటుంది. 2019లో అటువంటి ద్వారం గల ఎలుకలను పెంచి చూస్తే వాటికీ ఆల్డోస్టిరోన్, రక్తపోటు పెరిగాయి.

ఆ 8 చోట్లలో రెండింట ఆ మార్పు తల్లి నుండి కాని తండ్రి నుండి కాని వచ్చినది కాదు, బిడ్డలోనే కొత్తగా పుట్టినది. ఈ విషయం విన్నప్పుడు మాకు ఆ కుర్రవాని తల్లి, ఆమె తిన్న పచ్చళ్ళు గుర్తుకు వచ్చాయి. మరుసటి శుక్రవారం మేము వారింటికి వెళ్ళి, తెర అవతల కూర్చున్న ఆమెకు ఇది చెప్పాము. "బహన్, మీరు ఏమీ చేయలేదు" అన్నాము. ఆమె జవాబు ఇవ్వలేదు. కొంతసేపటికి చాయ్ పంపారు.

ఇదే జన్యువు విషయంలో మరొక సంగతి ఉంది; దానిని మన కుటుంబాలు శ్రద్ధగా వినాలి. ద్వారం అతిగా తెరుచుకుంటే రక్తపోటు. ద్వారం అసలే పనిచేయకపోతే మెదడులోని తెల్లని భాగం దెబ్బతింటుంది, కంటిచూపు మందగించవచ్చు, మగవారికి సంతానం కలగకపోవచ్చు. మొదటి జబ్బుకు తల్లిదండ్రులలో ఒక్కరి నుండి దోషం వస్తే చాలు. కాబట్టి దగ్గర బంధువుల పెళ్ళి దానికి కారణం కాదు. రెండవదానికి ఇద్దరి నుండీ దోషం రావాలి. అక్కడ చిన్నాన్న కొడుకును, మేనమామ కొడుకును చేసుకోవడం వలన అపాయం పెరుగుతుంది. ధర్మం అనుమతించిన సంబంధాన్ని నిషేధించే అధికారం మాకు లేదు. అనుమతించినంత మాత్రాన అది తప్పనిసరి అని కూడా ఎవరూ అనలేదు. ఇంట్లో అటువంటి వ్యాధుల చరిత్ర ఉన్నవారు, ముహూర్తం మాట్లాడే ముందు వైద్యుని అడగడంలో సిగ్గుపడనక్కరలేదు.

ఒక మాట. ఈమధ్య కొందరు వక్తలు అయాన్లను, కణాలను, జన్యువులను ఆయతులలో వెదికి చూపుతున్నారు. ఆ మార్గం మాకు రుచించదు. నేటి శాస్త్రం రేపు తన మాట మార్చుకుంటుంది. మార్చుకోవడమే దాని పద్ధతి. 7వ క్రోమోజోము మీద వెదికినవారు దానిని విడిచి 3వ దానికి రాలేదా? అల్లాహ్ గ్రంథాన్ని ఆ మార్పులకు ముడివేయడం తగదు. సూరా రహ్మాన్‌లో ప్రస్తావనకు వచ్చే మీజాన్, అనగా త్రాసు, సమతూకం, మా మనసులో మెదలిన మాట నిజమే. కాని అది మేము నమ్రతతో తలచుకున్నది, రుజువుగా చూపుతున్నది కాదు.

క్లోరైడ్ ఇంకొక చోట కూడా ఇదే హార్మోనును శాసిస్తుంది. మూత్రపిండంలోని నాళాలలో ఒక మలుపు వద్ద కొన్ని కణాలు, పక్కన పోతున్న ద్రవంలో ఉప్పు ఎంత ఉన్నదో రుచి చూస్తూ ఉంటాయి. వాటి నాలుకకు తెలిసేది ప్రధానంగా క్లోరైడే. క్లోరైడ్ తగ్గితే అవి రెనిన్ అనే పదార్థం విడుదలకు కబురు పంపుతాయి. రెనిన్ వలన యాంజియోటెన్సిన్, దాని వలన ఆల్డోస్టిరోన్. అందుచేతనే వైద్యులు ఆల్డోస్టిరోన్‌ను ఒక్కదానినే కొలవరు, రెనిన్‌తో కలిపి నిష్పత్తి చూస్తారు. ఆజ్ఞ ఇచ్చే రెనిన్ తక్కువగా ఉండి, ఆల్డోస్టిరోన్ ఎక్కువగా ఉంటే, సేవకుడు యజమాని మాట వినడం లేదని గ్రహించవచ్చు.

ఇది అరుదైన జబ్బు కదా, పత్రికలో ఇంతగా ఎందుకు అనవచ్చు. జన్యు ద్వారం దోషం అరుదే. కాని కారణం ఏదైనా, ఆల్డోస్టిరోన్ మితిమీరడం అరుదు కాదు. రక్తపోటు ఉన్నవారిలో నూటికి ఐదు నుండి పది మంది వరకు ఇదే మూలమని అంచనా. వారిలో ఎక్కువ మందికి ఆ సంగతి ఎన్నడూ తెలియదు. అదే రక్తపోటు ఉన్న ఇతరులకన్నా వీరికి పక్షవాతం, గుండె లయ తప్పడం ఎక్కువ. 2025లో అమెరికాలోని ఎండోక్రైన్ సొసైటీ తన మార్గదర్శకాలలో, రక్తపోటు ఉన్న అందరికీ ఈ పరీక్ష చేయడం మంచిదని సూచించింది. మన ఇళ్ళలో ముప్పై, ముప్పై ఐదు ఏళ్ళకే రక్తపోటు వచ్చినవారు, మూడు మాత్రలకూ లొంగనివారు, పొటాషియం తగ్గేవారు, చిన్న వయసులో పక్షవాతం వచ్చిన పెద్దలు గల ఇంటివారు, తమ వైద్యుని ఒక్క ప్రశ్న అడగాలి: "ఆల్డోస్టిరోన్, రెనిన్ చూడాలా?"

వైద్యం కూడా ఉన్నది. ఒక గ్రంథిలో కణితి అయితే దానిని తొలగించవచ్చు. రెండు వైపులా దోషమైతే ఆల్డోస్టిరోన్ పనిని అడ్డుకునే మాత్రలు, స్పైరోనోలాక్టోన్ వంటివి. ఆ మాత్రతో కొందరు పురుషులకు ఛాతీ ఉబ్బుతుంది. సిగ్గుపడి, ఎవరికీ చెప్పక, మాత్ర మానేస్తారు. మా కుర్రవాడు మూడు వారాలు అలాగే మానేశాడు. వైద్యునికి చెబితే ఎప్లెరినోన్ అనే మరొక మాత్రకు మార్చారు. చెప్పడానికి నోరు రాకపోవడం వలన మూడు వారాలు పోయాయి. ఎడారి వాసులు కొందరు దైవప్రవక్త (స) వద్దకు వచ్చి వైద్యం చేయించుకోవచ్చా అని అడిగినప్పుడు, ఆయన చేయించుకోమని చెప్పినట్లు హదీసు గ్రంథాలలో ఉంది. జబ్బును దాచుకోమని ఎక్కడా లేదు.

ఉప్పు విషయం స్పష్టం చేయాలి. ఈ జబ్బు క్లోరైడ్ ఎక్కువ తినడం వలన రాదు. ద్వారం చెడినవాడు ఉప్పు మానినంత మాత్రాన ద్వారం మూసుకోదు. అయితే ఆల్డోస్టిరోన్ మితిమీరినప్పుడు ఉప్పే దాని చేతిలో ఆయుధం; గుండెకూ మూత్రపిండాలకూ హాని ఉప్పుతో కలిసినప్పుడే తీవ్రం. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకు 5 గ్రాములకన్నా తక్కువ ఉప్పు అంటున్నది, అనగా ఇంటిల్లిపాదికి కాదు, మనిషికి ఒక టీ చెంచాడు లోపు. లోకంలో సగటున దానికి రెండింతలకు పైగా తింటున్నారు. ఇఫ్తార్ దస్తర్‌ఖాన్ మీద పకోడీ, సమోసా, హలీం, అప్పడం, ఊరగాయ వరసగా కూర్చుంటే ఒక్క పూటలోనే ఆ చెంచా దాటిపోతుంది. సైంధవ లవణం వాడుతున్నాం కదా అనేవారికి ఒక మాట: అదీ సోడియం క్లోరైడే. ఇక 'తక్కువ సోడియం ఉప్పు' అని అమ్మే వాటిలో పొటాషియం క్లోరైడ్ కలిపి ఉంటుంది. స్పైరోనోలాక్టోన్ వంటి మాత్రలు వాడేవారికి, మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి అది ప్రమాదం. వైద్యుని అడగక దానిని ఇంట్లోకి తేవద్దు.

ఇప్పుడు అతని మొదటి ప్రశ్నకు జవాబు. రోగికి ఉపవాసం విడిచి, ఆ రోజులను తరువాత పూర్తి చేసుకునే సౌలభ్యం దివ్యఖుర్ఆన్‌లోనే ఉంది. ఎవరు రోగి అన్నది నిర్ణయించేది మా ఊహ కాదు, అతని ధైర్యమూ కాదు. నమ్మదగిన వైద్యుని మాట ఇక్కడ షరీఅత్‌లో సాక్ష్యం వంటిది. ఆ వైద్యుడు పొటాషియం నాలుగుకు చేరేదాకా ఉపవాసం వద్దన్నాడు, ఆపైన మాత్రలను సహరీకి, ఇఫ్తార్‌కు సర్దుతానన్నాడు. మేము అదే చెప్పాము. కుర్రవానికి కష్టంగానే ఉండింది. "అందరూ ఉంటుంటే నేను తింటానా, హజ్రత్?" అన్నాడు. తినాలి, బేటా, అన్నాము. సౌలభ్యాన్ని ఇచ్చినవాని ముందు దానిని నిరాకరించడం భక్తి అనిపించుకోదు.

రెండవ ప్రశ్న కష్టమైనది. నికాహ్‌ను రద్దు చేసుకునే హక్కునిచ్చే లోపాల జాబితాను ఫిఖహ్ గ్రంథాలు చర్చించాయి. రక్తపోటు వాటిలో లేదు. కొందరు ఇక్కడే ఆగి, చెప్పనవసరం లేదంటారు. మేము ఆగలేము. బజారులో ధాన్యపు రాశిలో దైవప్రవక్త (స) చేయి పెట్టి, అడుగున తడి ఉండగా, దానిని పైన ఎందుకు పెట్టలేదని వర్తకుని మందలించిన ఉదంతం సహీహ్ ముస్లింలో ఉంది. గింజల విషయంలోనే అంత అయితే, ఒక ఆడపిల్ల జీవితం విషయంలో ఎంత? ఫాతిమా బిన్తె ఖైస్ (ర) తనను అడిగిన వరుల గురించి సలహా కోరినప్పుడు, దైవప్రవక్త (స) ఆ వరులు గొప్ప సహచరులైనా వారి లోటును దాచలేదు. ఒకరి పేదరికాన్ని, మరొకరి స్వభావాన్ని స్పష్టంగా చెప్పి, ఉసామా (ర)ను చేసుకోమన్నారు. అడిగినవారికి నిజం చెప్పడం గీబత్ కాదు, అమానత్. అయితే ఊరంతా చాటనక్కరలేదు. పెద్దమ్మలకు చెప్పనక్కరలేదు. ఆ పిల్లకూ, ఆమె తండ్రికీ చెబితే చాలు. చెప్పేటప్పుడు పూర్తిగా చెప్పాలి: వైద్యం ఉందని, సంసారానికి అడ్డు కాదని, మాత్రలు జీవితాంతం కావచ్చునని, జన్యు రకమే అయితే ప్రతి బిడ్డకూ సగానికి సగం అవకాశం ఉందని, దోషం వచ్చినవారందరికీ జబ్బు ఒకే తీవ్రతతో రాదని, తెలిస్తే చిన్ననాడే కాపాడుకోవచ్చునని.

అతడు మమ్మల్ని తోడు రమ్మన్నాడు. వెళ్ళాము. పిల్ల తండ్రి ఎరువుల దుకాణం వ్యాపారి, మాటలు తక్కువ. అంతా విన్నారు. "నా కూతురు డిగ్రీ చదివింది, ఆమెతో మాట్లాడి చెబుతాను" అన్నారు. ఆ పిల్ల లోపలి నుండి ఒక ప్రశ్న పంపింది: జన్యు పరీక్ష ఎక్కడ చేస్తారు, ఎంత అవుతుంది? మా ఇద్దరికీ తెలియలేదు. మరునాడు కనుక్కొని చెప్పాము. ఇంకా జవాబు రాలేదు. రమజాన్ గడవనివ్వండి అని మాత్రం కబురు వచ్చింది.

మొన్న సోమవారం అతని చెల్లెలు, తమ్ముడు కూడా రక్తం ఇచ్చి వచ్చారు. తమ్ముడికి 19 ఏళ్ళు, రక్తపోటు 150 ఉంది, ఎవరూ ఇంతవరకు కొలవలేదు. పరీక్షశాల నుండి వచ్చే దారిలో కుర్రవాడు మదరసాకు వచ్చి, వాళ్ళమ్మ ఈ ఏడు పెట్టిన మాగాయ జాడీ మా ముందు ఉంచాడు. ఇంట్లో ఇక ముగ్గురు తినరట. మాకూ డాక్టరుగారు పోయిన సంవత్సరమే ఊరగాయ మాన్పించారు. విద్యార్థుల భోజనశాలకు పంపించాము.